చెవి కుట్టించాక, నాలుక కుట్టించాక: పుండు మానేదాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు

"సిస్టరమ్మా, గుంట చెవి రసి కారతంది, ఏటి రాయమంటారు?"

సంక్రాంతి సెలవులు అయ్యాక, వేసవి పెళ్ళిళ్ళు అయ్యాక మా డ్రెస్సింగ్ గదిలో రోజూ వినే మాట ఇది. ఈ మధ్య కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారు. విశాఖ వెళ్ళి పైచెవి, పెదవి, నాలుక కుట్టించుకుంటారు. నాలుగో రోజున వాపు చూసి భయపడి, ఇంట్లో చెప్పలేక మా దగ్గరికి వస్తారు.

వీళ్ళందరికీ ముందుగా ఒకటే చెబుతాను. కొత్తగా కుట్టిన చోట రాయవలసింది ఏదీ లేదు. అక్కడ ఉన్నది నగ కాదు, పుండు. లోపల ఒక లోహపు ముక్కను ఉంచుకొని, దాని చుట్టూ చర్మం గొట్టంలా అల్లుకోవాలి. ఆ పని రెండు కొసల నుంచి మొదలై మధ్యకు వెళుతుంది. అందుకే పైకి మానినట్టు కనబడుతుంది, లోపల మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం నుంచి వచ్చినవే.

1. ముందు తేదీ చూసుకోండి

మానడానికి పట్టే కాలం చోటును బట్టి మారుతుంది.

- చెవి తమ్మె: 6 నుంచి 8 వారాలు
- పైచెవి, అంటే తమ్మె దాటాక గట్టిగా తగిలే భాగం: 6 నెలల నుంచి ఏడాది
- పెదవి: 6 నుంచి 8 వారాలు
- నాలుక: 4 నుంచి 6 వారాలు

సంక్రాంతికి పాపకు తేలికపాటి జుంకీలు పెట్టాలనుకుంటే దసరా నాటికే కుట్టించాలి. చాలామంది భోగికి వారం ముందు కుట్టించి, పండగ రోజున బరువైన జుంకీలు వేలాడదీస్తారు. తమ్మె సాగేది, చీలేది అప్పుడే.

కార్తీకంలో నాగావళిలోనో, బారువ సముద్రంలోనో మునగాలనే మొక్కు ఉందా? ఆ స్నానం అయ్యాకే కుట్టించండి. నది, చెరువు, సముద్రం, ఈతకొలను, ఏ నీటిలోనూ మానని రంధ్రంతో మునగకూడదు. సిరిమాను జాతర తోపులాటకు వెళ్ళేవాళ్ళూ జాతర దాటాకే పెట్టుకోండి.

నాలుక, పెదవి కుట్టించుకునేవాళ్ళు రెండు ప్రయాణాలు లెక్క వేసుకోవాలి. మొదట వాపు కోసం పొడుగు కడ్డీ వేస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో తిరిగి వెళ్ళి పొట్టిది వేయించుకోవాలి. విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వందకు పైనే. ఆ రెండో ప్రయాణం దూరమని మానేసినవాళ్ళ పళ్ళే ఎక్కువగా విరుగుతాయి.

2. మీ ఒంటి సంగతి తేల్చుకోండి

కిందివాటిలో ఏది ఉన్నా మీ డాక్టర్ని అడగకుండా కుట్టించుకోవద్దు.

- షుగర్ అదుపులో లేకపోవడం
- చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినడం, లేదా పుట్టుకతో గుండె జబ్బు ఉండడం
- రక్తం పలచబడే మాత్రలు వాడుతూ ఉండడం
- పాత గాయాల మచ్చలు ఉబ్బి పెరిగే స్వభావం
- గర్భం

గుండె కవాటం దెబ్బతిన్నవాళ్ళకు నోటి కుట్టు చాలా ప్రమాదకరం. నోట్లోని క్రిములు పుండు గుండా రక్తంలోకి దిగి గుండెకు పట్టే అవకాశం ఉంది. ఇలాంటివాళ్ళు "సరదాగా ఒక్కటే కదా" అంటే నేను ఒప్పుకోను.

ధనుర్వాతం టీకా వేయించుకొని 10 ఏళ్ళు దాటితే ముందే వేయించుకోండి. పీహెచ్‌సీలో అడిగితే వేస్తారు. పసిపిల్లలకైతే 6, 10, 14 వారాల పెంటావాలెంట్ (ధనుర్వాతం టీకా కూడా కలిసినది) డోసులు మూడూ పడ్డాకే చెవులు కుట్టించండి. పుట్టువెంట్రుకలు తీయించినప్పుడే అనుకుంటే ఎలాగూ ఆ సమయం దాటే ఉంటుంది.

3. ఎవరి చేత, దేనితో

సూది కొత్తదై ఉండాలి. మూసిన పాకెట్‌ను మీ ఎదుటే చింపాలి. కుట్టే మనిషి చేతులు కడుక్కొని కొత్త గ్లౌజులు వేసుకోవాలి. "నిప్పులో కాల్చాం", "స్పిరిట్‌తో తుడిచాం" అని చెప్పి ఒకే సూదితో ఇద్దరికి కుడితే లేచి వచ్చేయండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ అలా ఒకరి నుంచి ఒకరికి పాకగలవు.

ఇంటికి వచ్చి బంగారు తీగతో కుట్టే కంసాలి తాతలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతి నేర్పు మీద నాకు గౌరవం ఉంది. అయినా అడగవలసినవి అడగాలి. ఈ తీగ కొత్తదా, ఎవరి చెవిలోంచైనా తీసిందా? రంధ్రం చేసే పరికరం ప్రతి బిడ్డకూ మారుస్తారా?

ఫ్యాన్సీ షాపుల్లో గన్‌తో కుడతారు. అది సూదిలా కోయదు. మొద్దు కొస ఉన్న పోగును బలంగా తోస్తుంది. చాలా గన్‌లు ప్లాస్టిక్‌వి కావడంతో వాటిని ఆవిరి యంత్రంలో శుద్ధి చేయడం కుదరదు. తమ్మెకు గన్ వాడితే అన్నిసార్లూ తేడా రాదు. పైచెవికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ గన్ వద్దు. అక్కడి మృదులాస్థి (మెత్తటి ఎముక) నలిగితే తేలిగ్గా కోలుకోదు, దానికి సొంత రక్తనాళాలు లేవు.

లోహం: మొదటి నగగా ఇంప్లాంట్ గ్రేడ్ (ఒంట్లో అమర్చడానికి పనికొచ్చే రకం) టైటానియం మంచిది. మన దగ్గర మామూలుగా వాడేది 916 బంగారు తీగ. అది మెత్తన, గీతలు పడుతుంది. కాబట్టి పెట్టే ముందు కొస మొన తేలిందేమో వేలితో తడిమి చూడండి. వన్ గ్రామ్ గోల్డ్, గిల్టు నగలు కొత్త రంధ్రంలో పెట్టకండి. పూత చెదిరితే కింద ఉన్న నికెల్ తగిలి దురద, రసి మొదలవుతాయి.

పోగుకు, తమ్మెకు మధ్య కొంచెం జాగా ఉండాలి. వెనక శీలను బిగించేస్తే వాచిన తమ్మె దాన్ని మింగేస్తుంది.

4. ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవలసినవి

- చేతులు కడుక్కునే సబ్బు
- మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం సెలైన్, 100 మి.లీ. సీసాలు
- స్టెరైల్ గాజ్ గుడ్డ ముక్కలు, అంటే క్రిములు లేని కట్టు గుడ్డ (దూది వద్దు, దాని పోగులు నగకు చిక్కుకుంటాయి)
- ఉతికిన దిండు గలీబులు నాలుగైదు
- నోటి కుట్టయితే మెత్తటి కొత్త బ్రష్, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్, ఐసు

సెలైన్ విషయంలో కొంచెం ఆగుదాం, ఇక్కడే పొరపాట్లు ఎక్కువ.

0.9 శాతం అంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. మన ఒంటి ద్రవాలతో సమానమైన పాకం అది. అందుకే మంట పుట్టదు. ఉప్పు ఎక్కువైతే చర్మం ఎండి పగులుతుంది. "ఘాటుగా ఉంటే పురుగు చస్తుంది" అనుకొని గుప్పెడు ఉప్పు వేసి కడిగిన చెవులను చూశాను. పుండు చుట్టూ తెల్లగా పాలిపోయి, మానడం ఆగిపోయింది.

గళ్ళుప్పు వాడకండి. నౌపడ ఉప్పు కూరకు బాగుంటుంది, పుండుకు పనికిరాదు. గళ్ళు చిన్నా పెద్దా ఉంటాయి కనుక స్పూనుతో కొలత కుదరదు, మట్టి కూడా ఉంటుంది. తీరం ఊళ్ళలో ఉప్పగా ఉండే బోరు నీళ్ళు కూడా సెలైన్ కావు.

సెలైన్ సీసా తెరిచాక 24 గంటలు దాటితే మిగిలింది పారబోయండి. పెద్ద సీసా చవక అని కొని పది రోజులు అట్టే పెట్టుకోవద్దు.

నోరు పుక్కిలించడానికి ఇంట్లో కలుపుకోవచ్చు. 10 నిమిషాలు మరిగించి చల్లార్చిన నీరు ఒక గ్లాసు, అంటే 250 మి.లీ., అందులో పావు టీస్పూను మెత్తటి ఉప్పు. ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోండి.

5. మొదటి రోజు

కొద్దిగా నెత్తురు రావడం, సలుపు, ఎరుపు మామూలే. నెత్తురు ఆగకపోతే శుభ్రమైన గాజ్ గుడ్డతో 10 నిమిషాలు ఎత్తకుండా అదిమి పట్టండి. మధ్యమధ్యలో తీసి చూస్తే ఆగదు.

నొప్పికి పెద్దవాళ్ళు పారాసిటమాల్ 500 వేసుకోవచ్చు. ఆస్పిరిన్ వద్దు, నెత్తురు ఎక్కువ కారుతుంది. ఉద్దానం వైపు వాళ్ళకు ఒక మాట: ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నా, మీకు క్రియాటినిన్ ఎక్కువ ఉందని ఎప్పుడైనా చెప్పినా, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. చెవి నొప్పి కోసం కిడ్నీని పణంగా పెట్టకూడదు.

ఆ రాత్రి తల కాస్త ఎత్తులో ఉంచి పడుకోండి. వాపు తగ్గుతుంది.

6. చెవికి రోజువారీ పని

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. వరుస ఇది.

1. సబ్బుతో చేతులు 20 సెకన్లు కడగండి. గోళ్ళ సందులు వదలకండి.
2. గాజ్ గుడ్డ ముక్కను సెలైన్‌లో తడిపి, రంధ్రానికి ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టి 2, 3 నిమిషాలు పట్టుకోండి.
3. నానిన పక్కు దానంతట అదే గాజ్ గుడ్డకు అంటుకొని వస్తే తుడవండి. రాకపోతే వదిలేయండి. గోటితో గీకవద్దు.
4. పొడి గాజ్ గుడ్డతో అద్ది తడి తీయండి. మన తీరంలో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, తడి దానంతట అది ఆరదు. ఫ్యాన్ కింద రెండు నిమిషాలు కూర్చోండి.
5. నగను ముట్టకుండా లేచిపోండి.

అయిదోది అన్నిటికన్నా కష్టం. పోగును తిప్పకపోతే చర్మం అంటుకుపోతుందని మన అమ్మమ్మలు చెప్పారు. వాళ్ళ మాట విని నేనూ మా అమ్మాయి చెవి తీగను రోజూ నూనె చుక్క వేసి తిప్పాను. అప్పటికి ఈ ఉద్యోగంలో చేరలేదు. మూడు వారాలైనా రసి ఆగలేదు. పక్కు కట్టిన తీగను తిప్పితే ఆ పక్కు రంధ్రంలోకి పోయి, లోపల అప్పుడే అల్లుకుంటున్న పలచటి చర్మాన్ని చించేస్తుంది. రోజూ నేను చేసింది అదే. తిప్పడం మానేసిన పది రోజులకు తడి తగ్గింది. లోహానికి చర్మం అంటుకుపోదు. తిప్పకండి.

తలంటు పోసుకుంటే షాంపూ, కుంకుడు రసం రంధ్రంలో నిలవకుండా మామూలు నీటితో బాగా కడిగి, పైన చెప్పినట్టు సెలైన్‌తో ముగించండి. తలకు రంగు వేసుకోవడం మానేదాకా ఆపండి. జుట్టు వెనక్కి కట్టుకోండి. జడలో పూలు పెట్టే పిన్నులు, చున్నీ పోగులు చెవికి తగలకుండా చూసుకోండి.

పలాస వైపు జీడిపప్పు పని చేసే అక్కాచెల్లెళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. జీడిపిక్క తొక్కలోని రసం చర్మాన్ని కాలుస్తుంది. పని మధ్యలో చెవి దురద పెట్టినా చేయి పెట్టవద్దు. ఇంటికి వచ్చాక చేతికి నూనె రాసి జిగురు తుడిచి, తరవాత సబ్బుతో రెండుసార్లు కడిగి, అప్పుడే చెవి పని మొదలుపెట్టండి.

7. పైచెవికి వేరే లెక్క

తమ్మె అంతా మెత్తటి కండ, నెత్తురు బాగా పారుతుంది, త్వరగా మానుతుంది. పైచెవి అలా కాదు. లోపలి మృదులాస్థికి ఆహారం పైనున్న పలచటి పొర నుంచే అందాలి. ఆ పొరకు చీము పడితే మృదులాస్థి చచ్చిపోయి చెవి ముడుచుకుపోతుంది. తరవాత ఆపరేషన్ చేసినా పాత ఆకారం పూర్తిగా రాకపోవచ్చు.

అక్కడ చీము పట్టించే వాటిలో ముఖ్యమైనది సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి. నిలవ నీళ్ళు, తడి చోట్లు దానికి ఇష్టం. మామూలుగా గాయాలకు ఇచ్చే చాలా యాంటీబయాటిక్స్ దాని మీద పనిచేయవు. పైచెవి వాచినప్పుడు ఆరెంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకొని మూడు రోజులు చూడటం అందుకే ప్రమాదం. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

పైచెవి కుట్టించుకున్నవాళ్ళు పాటించవలసినవి:

- రెండు వైపులా ఒకేసారి కుట్టించవద్దు. పడుకోవడానికి ఒక వైపు మిగలాలి.
- కుట్టిన వైపు తిరిగి పడుకోకండి. రాత్రంతా నొక్కుకున్న కడ్డీ పక్కకు వాలిపోతుంది, పక్కన బుడిపె వస్తుంది.
- ఫోను రెండో చెవికి పెట్టుకోండి. చెవి మొత్తాన్ని మూసే హెడ్‌ఫోన్లు వద్దు.
- బండి నడిపేవాళ్ళు హెల్మెట్ మానవద్దు. పట్టీలు రెండు చేతులతో బాగా విడదీసి నిదానంగా దించండి, తీసేటప్పుడూ అంతే. లోపల ఉతికిన పలచటి గుడ్డ వేసుకోండి. రోజూ గంటలకొద్దీ బండి మీద తిరిగే ఉద్యోగమైతే పైచెవి ఆలోచనే వాయిదా వేయండి.

రెండు నెలలకు నొప్పి పోయి మానిపోయినట్టుంటుంది. నమ్మకండి. ఆరు నెలల్లోపు నగ మార్చి రంధ్రం మళ్ళీ పుండైనవాళ్ళు చాలామంది.

8. పెదవి, నాలుక

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. దంత వైద్యులు నోటి కుట్లు వద్దనే అంటారు, నేనూ వాళ్ళ వైపే. కడ్డీ తగిలి పళ్ళు చిట్లుతాయి, చిగుళ్ళు కిందికి జారుతాయి, జారిన చిగురు మళ్ళీ పైకి రాదు. అయినా కుట్టించుకొని వచ్చినవాళ్ళను తిట్టి పంపితే పుండు మానదు. కాబట్టి సరిగ్గా చూసుకోవడం నేర్చుకోండి.

*మొదటి వారం*

నాలుక 3 నుంచి 5 రోజుల వరకు వాస్తూనే ఉంటుంది. మాట నంగిగా వస్తుంది. ఐసు ముక్కలు చప్పరించకుండా నోట్లో కరగనివ్వండి. ఐసు శుభ్రమైన నీటితో చేసిందై ఉండాలి, చెరకు రసం బండి దగ్గరిది వద్దు. తలకింద రెండు దిళ్ళు పెట్టుకోండి. తక్కువ మాట్లాడండి.

తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు ఉప్పునీటితో అర నిమిషం పుక్కిలించండి. రోజుకు 4, 5 సార్లు సరిపోతుంది. గంటకోసారి మౌత్‌వాష్ పోసుకుంటే నాలుక పాచి పట్టినట్టు తెల్లబడి, రుచి పోతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డెంటిస్టు చెబితే తప్ప వద్దు, ఎక్కువ రోజులు వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి.

పళ్ళు మెత్తటి కొత్త బ్రష్‌తోనే తోముకోవాలి. వేప పుల్ల, బొగ్గు పొడి మానేదాకా పక్కన పెట్టండి.

*ఏం తినాలి*

మన వంటింట్లోనే సగం మందు ఉంది. బాగా చల్లారిన చోడి (రాగి) అంబలి, పలచటి మజ్జిగ, మెత్తగా పిసికిన పెరుగన్నం, సగ్గుబియ్యం జావ, పాలలో నానిన ఇడ్లీ, అరటిపండు, వేసవైతే లేత తాటి ముంజెలు. స్పూనుతో చిన్న ముద్ద తీసుకొని నేరుగా దవడ పళ్ళ మీద పెట్టుకోండి. నాలుకతో తిప్పుకోకుండా నిదానంగా నమలండి.

వద్దనేవి: ఆవ పెట్టిన కూరలు, ఊరగాయ, చింతపండు పులుసు, వేడి టీ, జంతికలు, ముల్లున్న చేపలు, వేయించిన మెత్తళ్ళు. స్ట్రాతో పీల్చకండి, ఆ లాగుడుకు నెత్తురు మళ్ళీ కారవచ్చు. మద్యం ముట్టకండి.

సిగరెట్, ఖైనీ, గుట్కా, పాన్ పూర్తిగా ఆపాలి. మన తీరం పల్లెల్లో అడ్డపొగ అలవాటు ఇంకా పోలేదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని పీల్చే ఆ అలవాటు పుండు లేని నోటినే పాడు చేస్తుంది, అంగిట్లో క్యాన్సర్ తెస్తుంది. కుట్టించుకున్న పిల్లలు దాన్ని తాకరని నాకు తెలుసు. కానీ ఇంట్లో అమ్మమ్మ తాగుతుంటే ఆమెకూ ఈ మాట చెప్పండి.

ముద్దులు, ఎంగిలి గ్లాసులు, ఒకరి స్పూను ఒకరు వాడడం నాలుగు వారాలు వద్దు.

*కడ్డీ సంగతి*

రోజూ ఒకసారి, చేతులు కడుక్కొని, పైన కింద పూసలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. వదులైన పూస నిద్రలో ఊడి గొంతులోకి పోవచ్చు. మింగేస్తే చాలావరకు విరేచనంలో పోతుంది. దగ్గు ఆగకపోయినా, ఊపిరి అడ్డుపడినా వెంటనే ఆసుపత్రి.

వాపు తీయగానే పొట్టి కడ్డీ వేయించుకోండి. పొడుగు కడ్డీని పళ్ళకు తట్టి టకటకలాడించే అలవాటు పడిందంటే మానడం కష్టం. పెదవి కుట్టయితే లోపలి చదును బిళ్ళ చిగురును రాస్తోందేమో వారానికోసారి అద్దంలో చూసుకోండి. ఆ చోట చిగురు తెల్లబడినా, పంటి మొదలు కనబడినా నగ తీయించేయడమే మంచిది.

9. రాసేవి, పూసేవి

"ఏటవుద్దిలే, పసుపెట్టీ" అనే మాట వినగానే నాకు గుండె ఝల్లుమంటుంది. పసుపు మీద కోపం కాదు. పొడి రంధ్రంలోకి పోయి గట్టిపడుతుంది, లోపలి రసి బయటికి రాలేదు. ఎరుపు పెరిగినా పసుపు రంగులో కనబడదు. డబ్బాలో అందరూ చేయి పెట్టే పొడి శుభ్రమైనదీ కాదు.

మిగతావి, వాటికి బదులు చేయవలసినవి:

- కొబ్బరి నూనె, వాజలీన్, ఆయింట్‌మెంట్లు: గాలి ఆడనివ్వవు, దుమ్ము పట్టి ఉంచుతాయి. సెలైన్‌తో నానబెట్టి తుడిచేయండి, మళ్ళీ రాయకండి.
- డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్: క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న చర్మాన్నీ చంపుతాయి. ఒకసారి వాడేసి ఉంటే సెలైన్‌తో కడిగి ఆపేయండి.
- వేప పుల్ల, చీపురు పుల్ల: కన్నం మూసుకుపోకుండా గుచ్చుతారు. నేల ఊడ్చిన చీపురు పుల్లతో ధనుర్వాతం భయం కూడా ఉంది. నగ పోతే కుట్టినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.
- చిన్నపిల్లల చెవికి దిష్టి నల్లదారం: తడిసి, మురికి పట్టి, రంధ్రాన్ని కోస్తుంది. దిష్టి చుక్క బుగ్గ మీద పెట్టుకోండి, చెవి దగ్గర వద్దు.

పసిబిడ్డల విషయంలో ఇంకొకటి. తల్లి గాజులు, తాళి గొలుసు, బిడ్డ ఉన్ని టోపీ, ఈ మూడూ బిడ్డ పోగుకు తగులుకొని లాగుతుంటాయి. పాలిచ్చేటప్పుడు గాజులు తీసి పక్కన పెట్టండి. వెనక శీల చదునుగా, మొన లేకుండా ఉండాలి.

10. ఏది మామూలు, ఏది కాదు

మామూలే అనుకోవలసినవి: మొదటి వారం ఎరుపు, గోరువెచ్చదనం, కొద్దిపాటి వాపు. నీళ్ళలాంటి, లేదా తెల్లగా, లేత పసుపుగా ఎండి పక్కు కట్టే రసి. నాలుక కుట్టు చుట్టూ పలచటి తెల్ల జిగురు. మానుతున్నప్పుడు దురద.

రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించవలసినవి:

- వారం దాటాక వాపు తగ్గకుండా పెరగడం
- నగ ఆకారంలోనే ఎర్రటి దద్దు, ఆగని దురద. ఇది లోహం పడకపోవడం. యాంటీబయాటిక్ పనిచేయదు, లోహం మార్చాలి.
- రంధ్రం పక్కన బుడిపె. అది గాయం హద్దులోనే ఉంటే ఒత్తిడి, రాపిడి తగ్గిస్తే సాధారణంగా తగ్గుతుంది. హద్దు దాటి గట్టిగా పెరుగుతుంటే కీలాయిడ్ కావచ్చు, చర్మవైద్యుడు చూడాలి. దారం కట్టి ఊడగొట్టే ప్రయత్నం చేయకండి, ఇంకా పెద్దదవుతుంది.

ఆ రోజే వెళ్ళవలసినవి:

- పచ్చగా, చిక్కగా, వాసనతో చీము
- పైచెవి ఎర్రబడి వేడెక్కి, ముట్టుకుంటే భరించలేని నొప్పి
- జ్వరం, చలి, చెవి కింద గానీ దవడ కింద గానీ గడ్డలు
- శీల తమ్మెలోకి కూరుకుపోవడం. లాగకండి, మత్తిచ్చి తీస్తారు.

వెంటనే 108కి ఫోన్ చేయవలసినవి: నాలుక కింది భాగం గట్టిగా ఉబ్బి నాలుకను పైకి తోయడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, గొంతు మారడం, ఊపిరి ఆడకపోవడం. ఇందులో ఒక్క గంట కూడా ఆగకూడదు. ఇంట్లో తెలిస్తే తిడతారని రాత్రంతా గదిలో కూర్చున్న పిల్లలున్నారు. తల్లిదండ్రులూ ఆ పూట తిట్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చీము పట్టిందని మీ అంతట మీరే నగ పీకేయవద్దు. పైన రంధ్రం మూసుకొని చీము లోపల చిక్కుకుపోవచ్చు. ఉంచాలో తీయాలో డాక్టరు చెబుతారు.

11. మొదటిసారి నగ మార్చడం

గడువు పూర్తయిందా? నొప్పి, రసి, పక్కు మూడూ ఆగి కనీసం రెండు వారాలు గడిచాయా? రెండింటికీ అవునంటేనే మార్చండి (వాపు తీశాక కుట్టినవాళ్ళు వేసే పొట్టి కడ్డీ సంగతి వేరు).

కొత్త నగను సబ్బునీటితో కడిగి, సెలైన్‌లో ముంచి తీయండి. స్నానం చేసి వచ్చాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు మార్చడం సులువు. పాతది తీసిన వెంటనే కొత్తది పెట్టండి. దూరకపోతే బలవంతం చేయకండి, పాతదే తిరిగి పెట్టి కుట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పైచెవి, నాలుక మొదటి మార్పు వాళ్ళ చేతే చేయించుకోవాలి. నాలుక రంధ్రమైతే నగ తీసిన కొద్ది గంటల్లోనే ముడుచుకుపోవచ్చు.

మార్చిన తరవాత రెండు మూడు నెలలు తేలికపాటి దుద్దులే పెట్టండి. బరువైన జుంకీలు పెళ్ళి పూట పెట్టాల్సి వస్తే జుట్టులోకి కట్టే మాటీలు తగిలించి బరువు పంచండి, ఇంటికి రాగానే తీసేయండి. నిద్రపోయేటప్పుడు ఎప్పుడూ వద్దు.

రంధ్రం మూసుకుపోయినా, చీలినా అదే చోట వెంటనే మళ్ళీ కుట్టించవద్దు. మచ్చ మెత్తబడటానికి కనీసం మూడు నెలలు ఆగి, పాత మచ్చకు కాస్త పక్కగా కుట్టించుకోండి. తమ్మె పూర్తిగా రెండుగా చీలి ఉంటే ముందు సర్జన్ చేత కుట్లు వేయించుకోవాలి, మళ్ళీ ఎప్పుడు కుట్టించవచ్చో ఆయననే అడగండి.